డ్వాక్రా లోను కోచింగ్ ఫీజుకా?

టిఫిన్ బండి నడిపే ఇంట్లో కొడుకు డిగ్రీ పాసయితే వినిపించే మొదటి మాట ‘మా బతుకు వాడికొద్దు’. అందులోని ప్రేమను కాదనను. కానీ బండి పేరు చెప్పి డ్వాక్రా గ్రూపులో తీసిన లోనును హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ప్రభుత్వ ఉద్యోగాల కోచింగ్ సెంటర్‌కు కట్టడం మాత్రం ఇంటిల్లిపాదినీ ముంచే పని. తెలంగాణలో 2022 డిసెంబరులో 783 గ్రూప్-2 పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే అయిదున్నర లక్షల దరఖాస్తులొచ్చాయి. పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. ఆ రెండేళ్లూ హాస్టల్ ఖర్చులు ఆగవు, బ్యాంకు కిస్తీలూ ఆగవు.

వ్యాపారానికి తెచ్చిన అప్పు వ్యాపారంలోంచే తీరాలి. ఫీజుకు పోయిన డబ్బు ఒక్క ప్లేటు ఇడ్లీ కూడా అమ్మిపెట్టదు. కిస్తీ తేదీ దగ్గరపడేసరికి డైలీ ఫైనాన్స్ వాళ్లు వాకిట్లోకి వస్తారు. పది వేలు రాయించుకుని చేతికి ఎనిమిదిన్నర వేలిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. లెక్క కడితే నెలకు నూటికి దగ్గర దగ్గర పది రూపాయల వడ్డీ! అప్పు తీర్చడానికి అప్పు చేసిన ఇళ్లు ఎలా కూలాయో 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూసింది. మైక్రోఫైనాన్స్ వసూళ్ల వేధింపులపై అప్పట్లో ప్రభుత్వం ఆర్డినెన్సే తెచ్చింది. ఇప్పుడు రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మైక్రోఫైనాన్స్ అప్పు తీసుకునే ఇంటి కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. నన్నడిగితే సగం కూడా ఎక్కువే. వానాకాలం బేరాలు పడిపోతే ఆ సగమూ దొరకదు.

చదువుకున్న పిల్లలు బండికి చేయగల మేలు చాలా ఉంది. ముందు ఒక నెల లెక్క రాయమనండి. మినప్పప్పు, నూనె, గ్యాస్, అరువులు, రాత్రికి పారబోసిన పిండి. పిండి సరిపోక తొమ్మిదింటికే బండి కట్టేస్తున్నారా? అయితే పెద్ద గ్రైండరుకు లోను తీసుకోవచ్చు. పిండి మిగిలిపోతోందా? అప్పుడు ఏ లోనూ వద్దు.

లోను అవసరమే అయితే, ముద్ర పథకం కింద శిశు లోను రూ.50 వేల వరకు, తాకట్టు లేకుండా ఇస్తారు. వీధి వ్యాపారులకు పీఎం స్వనిధి ఉంది. మొదటి విడత సకాలంలో కడితేనే రెండోది, అంతకన్నా పెద్దది వస్తుంది. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. చిన్న వ్యాపారాలకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, గ్రామీణ యువతకు స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో (ఆర్‌సెటీ) శిక్షణా ఉచితమే. వీటికి డబ్బులడిగే బ్రోకరును గుమ్మం ఎక్కనివ్వకండి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి బండి ఆగిపోతే, కిస్తీ తప్పకముందే బ్యాంకు మేనేజరును కలిసి గడువు అడగండి. లోన్ యాప్ జోలికి పోవద్దు.

అమ్మానాన్నలకు ఒక్క మాట. ఏడాదిపాటు పిల్లల్ని బండి దగ్గర నిలబడనివ్వండి, నెలనెలా జీతం లెక్కగట్టి ఇవ్వండి. పరీక్ష రాయాలని వాళ్లకే ఉంటే ఆ జీతంతో పుస్తకాలు కొనుక్కుని రాస్తారు. గ్రూపు లోను మాత్రం బండికే వాడండి.