బొంగరానికి కొత్త రంగు

మన కోవూరు పిల్లలకు బొంగరమైనా, యోయో అయినా ఆటవస్తువే. వాటికి కొత్త రంగు తేవాలంటే మాత్రం కెమిస్ట్రీ కావాలి. మేము ఎం.ఎస్సీ.లో చదివినదానికి ఏటికొప్పాక కంటే మంచి ఉదాహరణ లేదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అక్కడ వాడేది అంకుడు కర్ర. మెత్తనిది, ఉలికి లొంగుతుంది. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. బ్రష్షూ లేదు, పొయ్యీ లేదు!

అసలు చిక్కు రంగుతోనే. చవక రసాయన రంగుల్లో సీసం ఉండవచ్చు. చంటిపిల్లలు బొమ్మను ముందు నోట్లోనే పెడతారు కదా. అందుకే సి.వి. రాజు గారు (2023లో పద్మశ్రీ) కళాకారులతో కలిసి మొక్కల రంగులకు మళ్ళారు. పసుపు కొమ్ముల నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ. అయితే పసుపు ఎండకు వెలుస్తుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. మెస్సులో కూర ఒలికిన చొక్కా ఉతికిన తమ్ముళ్ళకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి రంగు కుదిరిందనగానే బొమ్మను అంగడికి పంపడం కాదు, ఎండకూ తడికీ నిలుస్తుందో లేదో ముందు చూడాలి.

యోయోకైతే ఇంకో పరీక్ష. రెండు చెక్కలూ సమానంగా తూగాలి. లక్క ఒకవైపు మందంగా పడితే తిరిగేటప్పుడు వణుకుతుంది. బరువు అంచుల్లో ఉంటే ఎక్కువసేపు తిరుగుతుంది. ఇంటర్లో జడత్వ భ్రామకం అని బట్టీపట్టింది ఇదే!

సెలవుల్లో విశాఖ వైపు వెళ్ళేవారు యలమంచిలిలో దిగి ఒకసారి చూసి రండి.