ప్రశ్నలు - జవాబులు: కోలాటం తరగతి, ఆట రాత్రి

ప్రశ్న: ఇదివరకు మా వీధి రాముల గుడి దగ్గర రెండు నెలల బ్యాచ్ పెట్టి రోజూ సాయంత్రం కోలాటం నేర్పేవారు. ఇప్పుడు శని, ఆదివారాలే తరగతి, ఎవరైనా ఎప్పుడైనా చేరవచ్చు అంటున్నారు. ఆట చెడిపోదా? (హిందూపురం)

జవాబు: రెండు నెలల బ్యాచ్ పల్లెలో పుట్టిన పద్ధతి. పంట పనులు తీరిన రోజుల్లో గురువు ఊరికి వచ్చి, తిండీ వసతీ ఊరివాళ్లు చూసుకుంటుంటే, రాత్రిపూట నేర్పి, పండుగకో తిరుణాలకో ఆడించి వెళ్లేవాడు. రాయలసీమ పల్లెల్లో చెక్క భజన కూడా ఇలాగే పాకింది. అందరూ ఒకే రోజు మొదలుపెట్టి కలిసి ముగించడం దాని బలం. షిఫ్టులూ ట్యూషన్లూ బెంగళూరు రైళ్లూ ఉన్న పట్టణంలో మాత్రం అదే బలహీనత అవుతుంది. నాలుగు రోజులు తప్పినవాళ్లు ఐదో రోజు మొహం చెల్లక రారు.

వారానికి రెండు రోజుల తరగతికి శత్రువు మరపు. కొత్తగా నేర్చినది మొదటి గంటల్లో, మొదటి రోజుల్లోనే ఎక్కువగా జారిపోతుందని హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1885లోనే చూపించాడు. విడతలు విడతలుగా చేసిన సాధన ఒక్కసారి చేసినదానికన్నా నిలుస్తుందని చెప్పిందీ ఆయనే. కాబట్టి వారానికి రెండు రోజులు చాలవని కాదు. మధ్యలో ఐదు రోజులు కోలలు గూట్లో పడి ఉంటే చాలవు. రోజూ పది నిమిషాలు ఇంట్లో ఒంటరిగా అడుగు వేసుకున్నా, వారాంతపు తరగతి పాత బ్యాచ్‌కు తీసిపోదు.

తరగతి గంటన్నర అనుకుంటే దాన్ని మూడు భాగాలు చేయడం మేలు. మొదటి ఇరవై నిమిషాలు పాత కోపులు, అంటే ఇదివరకు నేర్చిన అడుగుల వరసలు, అందరూ కలిసి. తర్వాతి నలభై నిమిషాలు రెండు వలయాలు, కొత్తవాళ్లది ఒకటి, పాతవాళ్లది ఒకటి. చివరి అరగంట మళ్లీ అందరూ కలవాలి. ఎప్పుడైనా చేరే వెసులుబాటు కొత్తవాళ్ల వలయానికి సరిపోతుంది.

జడ కోలాటానికి ఆ వెసులుబాటు పనికిరాదు. పైనుంచి వేలాడే తాళ్లను పట్టుకుని సగం మంది ఒక దిక్కుకు, సగం మంది ఎదురు దిక్కుకు, ఒకరి లోపలి నుంచి, ఇంకొకరి బయటి నుంచి పోతూ జడ అల్లాలి. మళ్లీ అదే దారిన వెనక్కి వచ్చి విప్పాలి. ఒక్కరు దారి తప్పితే ముడి అందరిదీ అవుతుంది. దానికి సరిసంఖ్యలో మనుషులు, మారని జట్టు, పాత పద్ధతి బ్యాచ్ కావాల్సిందే.

ప్రశ్న: కొత్తగా వచ్చిన మాస్టరు ప్రతి పాటకూ ఉద్దిని (ఎదురు నిలిచి ఆడే జోడీని) మార్చమంటున్నారు. నాకూ మా వదినకూ చేతులు బాగా కలిశాయి. మార్చకుండా ఆడితే తప్పేంటి? (ధర్మవరం)

జవాబు: ఒకే ఉద్దితో ఆడినవాళ్లకు వచ్చేది ఆ మనిషి అలవాటు. ఆట రావడం వేరు. వదిన కోల అర క్షణం ఆలస్యంగా వస్తే మరదలి చెయ్యి కూడా ఆలస్యం నేర్చుకుంటుంది. ఇద్దరూ కలిసి తప్పు చేస్తారు, ఇద్దరికీ అది ఒప్పులాగే వినిపిస్తుంది. మూడో మనిషి ఎదురుగా నిలబడి కోలకు కోల తప్పినప్పుడే ఆ సంగతి బయటపడుతుంది.

కోలాటం కట్టుబడే మార్పు కోసం ఏర్పడింది. లోపలి వలయం ఒకటి, వెలుపలి వలయం ఒకటి. తన కోలలు తనలో కొట్టుకుని, ఎదుటివారి కోలకు తాకించి, ఒక చోటు జరిగితే ఎదురయ్యేది కొత్త మనిషి. గుజరాత్ దాండియాలో ఎదురెదురు వరసలు కొన్ని దెబ్బలకోసారి ఇలాగే జరుగుతాయి. క్యూబా రాజధాని హవానాలో 1950ల చివర్లో పుట్టిన రూయెదా దె కాసినో అనే ఆటలో జంటలు గుండ్రంగా నిలబడితే ఒకరు కేక వేస్తారు, ఆ కేకతో అందరి జోడీలూ ఒక్కసారిగా మారిపోతాయి. ఇక్కడి గురువు ఈల చేసే పనీ అదే. సముద్రాల అవతలి ఆటా రాములవారి గుడి ముందు ఆటా మార్పు విషయంలో ఒకే దారి పట్టాయంటే దాని అవసరం అంతటిది.

లెక్క చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. పదహారు మంది ఆడుతున్నారనుకుంటే వాళ్లలో కుదరగల జంటలు 120. లోపల ఎనిమిది, వెలుపల ఎనిమిది నిలబడి ఒక్కో చోటు జరుగుతూ పోతే, ఎనిమిది విడతల్లో 64 జంటలు కలుస్తాయి. మిగతా 56 ఒకే వలయంలో ఉన్నవాళ్ల జంటలు. ఎన్ని తిరుగుళ్లు తిరిగినా వాళ్లు ఎదురుపడరు. అందుకని తరగతి సగంలో వలయాలను కలిపి మళ్లీ పంచాలి. చాలాచోట్ల ఈ పని జరగదు. పెద్దవాళ్లు లోపల, పిల్లలు వెలుపల అని మొదటి రోజు నిలబెట్టిన వరసే ఏడాదంతా నిలిచిపోతుంది.

మార్పుకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. మారని జంటలున్న తరగతిలో ఒంటరిగా వచ్చిన కొత్త మనిషి గోడవారన మిగిలిపోతుంది, రెండో వారం రాదు. తరగతి చిక్కిపోయింది, జనానికి ఆసక్తి తగ్గింది అని నిట్టూర్చే పాతవాళ్లలో ఎక్కువమంది ఆ కొత్తమ్మాయికి ఒక్కసారైనా ఎదురు నిలబడనివాళ్లే. వదినా మరదళ్ల ముచ్చట తీరడానికి మొదటి పాట, చివరి పాట చాలు. నడుమ పాటలు తరగతివి.

ప్రశ్న: ఎత్తు తేడా ఉన్నవాళ్లతో కోల ఎక్కడ తాకించాలి? (ధర్మవరం)

జవాబు: పొట్టివాళ్ల భుజం మట్టానికి. వంగాల్సింది పొడుగువాళ్ల చెయ్యి, నడుము కాదు.

ప్రశ్న: జట్టులో కొందరికి ఫ్యాక్టరీ షిఫ్టులు. ఎప్పుడూ ఒకరు తగ్గుతారు, ఒకరు మిగులుతారు. ఏం చేయాలి? (పెనుకొండ)

జవాబు: ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక ఆ చుట్టుపక్కల సాయంత్రాలు అందరికీ ఒకే వేళకు ఖాళీగా దొరకడం లేదు. హాజరు పట్టీ చూపి కోప్పడితే లాభం లేదు. బేసి సంఖ్యను ఆటలోనే ఇముడ్చుకోవాలి. లోపల ఎనిమిది మంది, వెలుపల తొమ్మిది మంది ఉంటే లోపలి వలయంలో ఒక చోటు ఖాళీగా ఉంచాలి. ఆ ఖాళీకి ఎదురుపడినవాళ్లు ఆ విడత తాళం వేస్తారు. తొమ్మిది విడతల్లో వెలుపలివాళ్లందరికీ తలా ఒక్కసారి ఆ వంతు వస్తుంది. ఎవరూ మిగిలిపోరు. గురువే ఎప్పుడూ ఆ ఖాళీ పూరిస్తే మాత్రం చూసి దిద్దేవాళ్లు ఉండరు.

ప్రశ్న: బెంగళూరులో సల్సా నేర్చుకుంటున్నాను. అక్కడ క్లాసు వేరు, సోషల్ నైట్ వేరు. మన కోలాటానికి అలాంటి రాత్రి పెట్టవచ్చా? (హిందూపురం)

జవాబు: పెట్టవచ్చు, పెట్టాలి. ఇప్పటి కోలాటానికి లోటు అదే. తరగతి ఉంది, ప్రదర్శన ఉంది, నడుమ ఊరికే ఆడుకునే వేళ లేదు. శ్రీరామనవమికో, వినాయక చవితి పందిరికో, తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహన సేవ ముందు ఆడటానికో రిహార్సల్ జరుగుతుంది. ఆ రోజు దాటగానే జట్టు చెదిరిపోతుంది. దేవుడి ముందు ఆడటం గొప్పే. ఏడాదికి ఒక్క రోజు కోసం మాత్రమే నేర్చిన ఆట మరుసటి ఏడాది మళ్లీ మొదటి నుంచి నేర్వాల్సి వస్తుంది.

జంట ఆటలు బతికిన ప్రతిచోటా ఆట రాత్రులే వాటిని బతికించాయి. న్యూయార్క్ హార్లెమ్‌లో 1926 నుంచి 1958 వరకు నడిచిన సవాయ్ బాల్‌రూమ్‌లో లిండీ హాప్ అనే జంట ఆట రాత్రుళ్లు ఆడి ఆడి పదునెక్కింది. బ్యూనస్ ఎయిర్స్ టాంగో రాత్రుల్లో మూడు నాలుగు పాటలను ఒక కట్టగా వాయిస్తారు. కట్టకూ కట్టకూ మధ్య వేరే సంగీతం కాసేపు వినిపిస్తుంది, అప్పుడు జోడీలు విడిపోయి కొత్త జోడీలు కడతాయి. ఎవరినీ నొప్పించకుండా ఉద్దిని మార్చుకోవడానికి ఇంతకన్నా తేలిక మార్గం లేదు. కోలాటానికి దీన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోవచ్చు. మూడు పాటలు, మంచినీళ్లు, మళ్లీ వలయం.

నెలకు ఒక ఆట రాత్రికి నియమాలు కొన్ని చాలు. అందరికీ వచ్చిన నాలుగైదు కోపులే ఆడాలి. మొదటి అరగంట తర్వాత గురువు ఈల జేబులో పెట్టుకుని తానూ వలయంలో చేరాలి. ఇద్దరు కొత్తవాళ్లు పక్కపక్కన నిలబడకూడదు. ఎవరూ ఎవరినీ దిద్దకూడదు, దిద్దుబాటు శనివారం తరగతిలో. అడుగు తప్పినవాళ్లు ఆగిపోకుండా నడుస్తూ పోతే తర్వాతి దెబ్బకు కలుస్తారు, ఆ కలవడం నేర్పేదే ఆట రాత్రి. రీల్స్ తీసే ఫోన్లు చెప్పులతో పాటు బయట ఉండాలి. ఫోను కనబడగానే ఆట మళ్లీ ప్రదర్శన అయిపోతుంది.

ప్రశ్న: రాత్రి ఎంతసేపు మైకు పెట్టుకోవచ్చు? (గోరంట్ల)

జవాబు: పది గంటల వరకు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు నిషిద్ధం. పండుగలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించగల రోజులు ఏడాదికి 15కు మించవు. అయినా పాతిక మంది ఆడే ఆటకు మైకు దేనికి?

ప్రశ్న: పాడేవాళ్లు దొరక్క బ్లూటూత్ స్పీకరుతో ఆడుతున్నాం. తేడా ఉందా? (పెనుకొండ)

జవాబు: ఉంది. కోలాటం నెమ్మదిగా మొదలై వేగం పుంజుకుంటుంది. రికార్డు వేగం ఆడేవాళ్లను చూసి మారదు. పాడే మనిషి వలయం తడబడితే అదే చరణాన్ని మళ్లీ ఎత్తుకుంటుంది, కుదిరాక ముందుకు పోతుంది. ఆడేవాళ్లే వంత పాడుతుంటే ఊపిరే వేగానికి పగ్గం వేస్తుంది. ప్రతి తరగతిలో ఒక్క పాటైనా నోటితో పాడాలి. గొంతు బాగుండటం ముఖ్యం కాదు, తాళం తప్పకపోతే చాలు.

ప్రశ్న: పగలంతా మగ్గం గుంటలో కూర్చుంటాను. కోలాటం ఆడిన రాత్రి మోకాళ్లు నొప్పి. మానేయాలా? (ధర్మవరం)

జవాబు: నొప్పి వారాల తరబడి ఉన్నా, వాపు ఉన్నా ముందు డాక్టరుకు చూపించాలి. లేకపోతే మానాల్సిన పని లేదు. గంటల తరబడి కదలని ఒంటితో వచ్చి నేరుగా గంతుల కోపు ఎత్తుకోవడం ఒక కారణం. తాడిపత్రి బండల మీద ఉత్త కాళ్లతో ఎగరడం ఇంకో కారణం. ముందు పది నిమిషాలు నడక కోపులే ఆడాలి. బండల కన్నా మట్టి నేల నయం. గంతు వేసేచోట అడుగు మార్చి ఆడినా తాళానికి లోటు రాదు. ఆ మాట గురువు అందరికీ వినబడేలా చెబితే అడగడానికి మొహమాటపడే మరికొందరికీ మేలు.

ప్రశ్న: ఆట రాత్రికి అందరికీ ఒకే రంగు చీరలు కొనిపించాలా? (హిందూపురం)

జవాబు: అక్కర్లేదు. ఆ డబ్బుతో కొత్తవాళ్లకు పది జతల కోలలు కొనవచ్చు.

ప్రశ్న: ఆడా మగా కలిసి ఎదురెదురు ఆడటం మన పద్ధతేనా? (లేపాక్షి)

జవాబు: ఊరి పద్ధతులు వేరువేరుగా ఉన్నాయి, ఏది పాటిస్తారో తరగతిలో ముందే చెప్పాలి. ఇష్టం లేదన్నవాళ్లను ఎవరూ కారణం అడగకూడదు. రెండు కోలల దూరం ఉన్న ఆట ఇది, భయపడాల్సినంత ఏమీ లేదు.

ప్రశ్న: ఇన్ని మార్పులు చేశాక అవి పనిచేశాయో లేదో తెలిసేదెలా? (పెనుకొండ)

జవాబు: మూడు నెలలు ఆగి మూడు సంగతులు చూడాలి. మొదటి నెలలో ఒంటరిగా చేరినవాళ్లలో ఎందరు ఇంకా వస్తున్నారు? గురువు రాని రోజున ఆట సాగిందా? పండుగ వెళ్లిన వారం వలయం నిండిందా? మూడింటికీ జవాబు బాగుంటే మార్పులు ఉంచుకోవాలి. మొదటిదే బాగాలేకపోతే వేళలూ రోజులూ మార్చి లాభం లేదు, ముందు ఉద్దులను మార్చాలి.