చల్లబడిన కాలు - ఆరు గంటల గడువు

తమ్ముళ్ళారా! నేను డాక్టరును కాను. మన హాస్టల్లో ఐదేళ్ళు ఉండి, ఇప్పుడు తిరుపతిలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. ఈ వ్యాసం రాయడానికి కారణం మా తాత.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక తెల్లవారుజామున ఆయన కుడికాలు ఉన్నట్టుండి భరించలేని నొప్పితో చల్లబడిపోయింది. ఊళ్ళో వాతం అన్నారు. అవ్వ ఆముదం రుద్ది, ఇటుకరాయి కాల్చి కాపడం పెట్టింది. మరునాడు ఆసుపత్రికి చేర్చేసరికి పాదం నల్లబడింది. మోకాలి పైకి తీసేశారు. అవ్వను తప్పుపట్టను. మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అది వాతం కాదు. కాలికి రక్తం తెచ్చే ధమని హఠాత్తుగా మూసుకుపోవడం. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండె కవాటం చెడినవారికి, గుండె లయ తప్పినవారికి గుండెలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ కొట్టుకొచ్చి తొడ దగ్గర ధమనిలో ఇరుక్కుంటుంది. బీడీ, షుగరు వల్ల ముందే సన్నబడిన ధమనిలోనైతే గడ్డ అక్కడే ఏర్పడవచ్చు. నొప్పి, పాలిపోవడం, చల్లదనం, నాడి అందకపోవడం, తర్వాత స్పర్శ పోవడం, చివరికి వేళ్ళు కదలకపోవడం దీని లక్షణాలు. రక్తం పూర్తిగా ఆగితే సుమారు ఆరు గంటల్లో కండరాలు, నరాలు చచ్చిపోవడం మొదలవుతుంది.

ఆసుపత్రిలో ముందు హెపారిన్ ఇస్తారు. ఇది ఉన్న గడ్డను కరిగించదు, పెరగకుండా ఆపుతుంది. (పరీక్షలో నేనే తప్పు రాశాను!) తర్వాత గజ్జ దగ్గర చిన్న కోత పెట్టి, బెలూన్ ఉన్న సన్నని గొట్టాన్ని గడ్డ దాటించి, బెలూన్ ఉబ్బించి వెనక్కి లాగుతారు. గడ్డ దాంతోపాటే వస్తుంది. కొందరికి గడ్డ కరిగించే మందు, కొందరికి బైపాస్ అవసరమవుతాయి. రక్తం తిరిగి పారాక కాలు వాచి బిగుసుకుంటే చర్మం, కండరాల పొర కోసి వదులు చేస్తారు.

ఆ బెలూన్ గొట్టం కనిపెట్టిన థామస్ ఫోగార్టీ అమెరికాలోని సిన్సినాటివాడు. చిన్నప్పుడే తండ్రి పోతే బడి రోజుల్లోనే ఆసుపత్రిలో పనికి కుదిరాడు. గడ్డలు తీసే పెద్ద ఆపరేషన్ల తర్వాత రోగులు చనిపోవడం అక్కడే చూశాడు. సర్జన్ల గ్లోవు వేలికొస కత్తిరించి గొట్టానికి కట్టాడు. చేపల గాలానికి ముడులు వేసే అలవాటు అక్కడ పనికొచ్చింది. 1961లో మొదటిసారి మనిషికి వాడారు.

మన జిల్లాలో చిక్కు దూరమే. కుప్పం వైపు నుంచి తిరుపతికి రావడానికే గంటలు పోతాయి. అందుకే కాపడం వద్దు, రుద్దడం వద్దు, కాలు ఎత్తిపెట్టడం వద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, "కాలు హఠాత్తుగా చల్లబడింది, నాడి అందడం లేదు" అని చెప్పండి. స్విమ్స్‌లో ఉన్నట్టు గుండె, రక్తనాళాల ఆపరేషన్ విభాగం ఉన్నచోటికి పంపమని మొదటి డాక్టరునే అడగండి.

నాడి చూడటం ఈ రాత్రే నేర్చుకోండి. పాదం పైభాగాన, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య నుంచి చీలమండ వైపు వేళ్ళు మెల్లగా జరపండి. సన్నగా కొట్టుకుంటుంది. పుట్టుకతోనే కొందరికి అక్కడ అందదు, కాబట్టి రెండు కాళ్ళూ పోల్చి చూడండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తాతకూ, అవ్వకూ చూడండి.