హాకీలో ఎవరు గొప్ప? ముందు కొలత, తర్వాత తీర్పు



ఆగస్టు 29 ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. ఆ రోజు వచ్చిందంటే మన హాస్టల్‌లో ఒకే వాదన: హాకీలో అందరికంటే గొప్ప ఆటగాడు ఎవరు? పెద్ద తరగతుల వాళ్లు ధ్యాన్‌చంద్ అంటారు. పాత విద్యార్థులు ధన్‌రాజ్ పిళ్లై అంటారు. చిన్నవాళ్లకు శ్రీజేష్ తప్ప మరొకరు కనబడరు. ఎవరి కొలత వారిది కాబట్టి వాదన తెగదు. అందుకే ఈ వ్యాసంలో కొలతలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటి కొలత: గోల్స్

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత్ 5 మ్యాచ్‌లలో 29 గోల్స్ చేసింది. అందులో 14 ధ్యాన్‌చంద్‌వే. 1932 లాస్ ఏంజిల్స్‌లో అమెరికాను 24-1తో ఓడించాం. ఆ మ్యాచ్‌లో ధ్యాన్‌చంద్ 8 గోల్స్ కొడితే, తమ్ముడు రూప్‌సింగ్ 10 కొట్టారు. గోల్సే కొలత అయితే ఆ రోజుకు తమ్ముడే గొప్ప! పైగా ఆ ఒలింపిక్స్ హాకీలో ఆడినవి మూడే జట్లు. కాబట్టి గోల్స్ లెక్కబెడితే చాలదు, ఎవరి మీద కొట్టారో కూడా చూడాలి.

రెండో కొలత: పెద్ద మ్యాచ్

1952 హెల్సింకి ఫైనల్లో నెదర్లాండ్స్‌పై భారత్ 6-1తో గెలిచింది. ఆ 6లో 5 గోల్స్ బల్బీర్‌సింగ్ సీనియర్‌వి. పురుషుల ఒలింపిక్ ఫైనల్లో ఇన్ని గోల్స్ ఇంకెవరూ కొట్టలేదు. 1948, 1952, 1956 - మూడు స్వర్ణాలు ఆయనవి. ఇటు ధ్యాన్‌చంద్‌కు 1936 బెర్లిన్ ఉంది. పోటీలకు ముందు ప్రాక్టీసు మ్యాచ్‌లో మన జట్టు జర్మనీ చేతిలో 4-1తో ఓడింది. అదే జర్మనీని ఫైనల్లో, వాళ్ల దేశంలోనే, వాళ్ల జనం ముందే 8-1తో ఓడించింది. కెప్టెన్ ధ్యాన్‌చంద్.

మూడో కొలత: కాలం

1976 మాంట్రియల్‌లో ఒలింపిక్ హాకీ పచ్చిక మీద నుంచి కృత్రిమ టర్ఫ్ మీదకు మారింది. ఆ ఏడు మన స్థానం 7. 1980 మాస్కోలో గెలిచినది మన ఎనిమిదో ఒలింపిక్ స్వర్ణం. ఆ తర్వాత 2021 దాకా పతకమే లేదు. ధన్‌రాజ్ పిళ్లై ఆడింది ఆ కరువు రోజుల్లోనే. 4 ఒలింపిక్స్, 4 ప్రపంచకప్‌లు ఆడారు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కెప్టెన్‌గా స్వర్ణం తెచ్చారు. మన హైదరాబాద్‌కు చెందిన ఎన్.ముకేష్‌కుమార్ కూడా ఆ కాలంలోనే 3 ఒలింపిక్స్ ఆడారు. ఒలింపిక్ పతకం లేదని వీరిని తక్కువ చేయగలమా? పతకం 11 మంది కలిసి సాధించేది.

నాలుగో కొలత: ఆపినవారు

ఈ కొలతను మనం తరచుగా మరచిపోతాం. 1928లో 29 గోల్స్ కొట్టిన జట్టు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. గోల్‌కీపరు రిచర్డ్ అలెన్. ధ్యాన్‌చంద్ లాగే ఆయనకూ మూడు ఒలింపిక్ స్వర్ణాలు ఉన్నాయి. ఆయన పేరు మనలో ఎందరికి తెలుసు? ఆ జట్టుకు కెప్టెన్‌గా వెళ్లిన జైపాల్‌సింగ్ ముండా కూడా డిఫెండరే. రాంచీ ప్రాంతపు ఆదివాసీ బిడ్డ. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతు వినిపించారు.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీపై 5-4తో గెలిచి కాంస్యం తెచ్చుకున్నాం. చివరి క్షణాల్లో వచ్చిన పెనాల్టీ కార్నర్‌ను శ్రీజేష్ ఆపకపోతే ఆ ఆనందం ఎక్కడిది? ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన ఎతిమరపు రజని కూడా గోల్‌కీపరే. సవితా పునియా ముందు ఉండటంతో చాలాకాలం రెండో గోల్‌కీపరుగానే మిగిలారు. అయినా ఆట వదలలేదు. 2024 జనవరిలో మస్కట్‌లో హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌కు భారత మహిళల జట్టు కెప్టెన్‌గా వెళ్లి రజతంతో వచ్చారు.

బెల్లంపల్లి పిల్లలకు ఈ మాట కొత్త కాదు. గనిలో ఫిల్లర్ ఎన్ని టబ్బులు నింపాడో లెక్క రాసేవారు. పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టిన టింబర్‌మన్ పనికి టబ్బుల లెక్క లేదు. కానీ ఆయన లేకుంటే ఒక్క టబ్బు కూడా పైకి రాదు. మన తాతలు, తండ్రులు షిఫ్టు దిగి ఇంటికి వచ్చారంటే ఆ దిమ్మెల చలవే.

మా తీర్పు

నాలుగు కొలతలూ కలిపి చూస్తే మేము ధ్యాన్‌చంద్‌కే ఓటు వేస్తాం. 24-1 చూసి కాదు, 1936 ఫైనల్ చూసి. ఓడిన జట్టును నెల తిరిగేలోపు నిలబెట్టి, కెప్టెన్‌గా గెలిపించడం గోల్స్ కంటే పెద్ద పని. అయితే ఆయన పక్కన అలెన్ పేరు రాయనిదే ఆ తీర్పు పూర్తి కాదు. బల్బీర్‌సింగ్ అని ఎవరైనా కారణాలతో వాదిస్తే వినడానికి మేము సిద్ధం.

ఈ వాదన మనకు ఒక పనికి వస్తుంది. వార్షికోత్సవంలో ఇచ్చే 'ఉత్తమ క్రీడాకారుడు' బహుమతి కబడ్డీలో రైడర్‌కో, వాలీబాల్‌లో షూటర్‌కో పోతుంది. క్యాచర్ కాలు పట్టకపోతే, లిఫ్టర్ బంతి లేపకపోతే ఆ పాయింట్లు ఎక్కడివి? కాబట్టి వచ్చే ఏడాది పేరు చెప్పేముందు ప్రతి జట్టూ కొలత రాసి ఇవ్వాలని మా ప్రతిపాదన: ఎన్ని పాయింట్లు తెచ్చాడు, ఎన్ని కాపాడాడు, ఓడిపోతున్నప్పుడు ఎలా ఆడాడు. అప్పుడు బహుమతి ఎవరికి వచ్చినా చప్పట్లు అందరివీ అవుతాయి.