మంచం విరిగింది – చీటీ ఏదీ?

అక్కా! మీ ఇంట్లో మంచం ఉంది. బల్ల ఉంది. బీరువా ఉంది. వీటిలో ఎక్కువ డబ్బు పోసి కొన్నది ఏది? దాన్ని ఏ కర్రతో చేశారో మీకు తెలుసా?

తెలియక మేం ఏం పోగొట్టుకున్నామో చెబుతాను.

మా అక్క సారెలోకి అమ్మ డబుల్ కాట్ మంచం కొన్నది. పొదుపు సంఘంలో అప్పు తీసి కొన్నది. 18,000 రూపాయలు. (సారె కోసం అప్పు చేయవచ్చా అంటే, అది వేరే పాఠం.) మంచం టేకు రంగులో మెరిసిపోతూ ఉంది. "టేకేనమ్మా, పదేళ్లు చూడక్కర్లేదు" అన్నాడు కొట్టాయన. అమ్మ నమ్మింది.

మూడో ఏడు ఒక రాత్రి పట్టె ఊడి మంచం కూలింది. అక్క పక్కన పాప పడుకుని ఉంది. దెబ్బ తగలలేదు, అదే పదివేలు. అప్పు వాయిదాలు ఇంకా నాలుగు ఉన్నాయి. "మీ వాళ్లిచ్చిన మంచం చూడు" అని అత్తగారు ఎత్తిపొడిచింది.

వడ్రంగి బాబాయి వచ్చాడు. విరిగిన చోట వేలితో గీరాడు. పొట్టు రాలింది.

"ఇది కర్ర కాదమ్మా. రంపపు పొట్టును జిగురుతో కలిపి నొక్కిన పలక. పైన టేకు గీతల కాగితం అంటించారు" అన్నాడు.

దీన్ని పార్టికిల్ బోర్డు అంటారు. చవక. గోడకు పెట్టే అరలకు సరిపోతుంది. కానీ నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బింది మళ్లీ తగ్గదు. అక్క రోజూ తడిగుడ్డతో గచ్చు తుడుస్తుంది. ఆ తడి మంచంకోళ్లలోకి ఎక్కింది. ఇందులో స్క్రూ ఒకసారి వదులైతే మళ్లీ బిగించినా సరిగా పట్టదు.

కొనేముందు వంగి మంచం కింద చూడండి. అసలు కర్రలో గీతలు అంచు దాకా సాగుతాయి. పలకలో అంచు దగ్గరే తెగిపోతాయి. స్క్రూ బెజ్జంలో పొట్టు కనిపిస్తుంది.

విరిగిన ముక్కలు పొయ్యిలో పెట్టకండి. అవే సాక్ష్యం. ఫొటో తీయించండి. తర్వాత బిల్లు వెతకండి.

అమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి చీటీ తీసింది. కొన్నప్పుడు అమ్మకు చదువు రాదు. ఇప్పుడు కూడబలుక్కుని చదివింది. "మం-చం ఒ-క-టి. 18,000." అంతే. టేకు అని లేదు. గ్యారంటీ లేదు. కొట్టు ముద్ర లేదు.

"టేకని నోటితో అన్నాడు. కాగితం మీద అనలేదు" అంది అమ్మ.

కొట్టుకు వెళ్లాం. "ఈ చీటీ మాదేనని ఏమిటి?" అన్నాడు. తిరిగి వచ్చేశాం.

ముద్ర ఉన్న బిల్లు మీ దగ్గర ఉంటే ఇలా తిరిగి రానక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పు. ఒక కర్ర పేరు చెప్పి ఇంకొకటి అమ్మడమూ తప్పే. ముందు కొట్టాయనకు కాగితం మీద రాసి ఇవ్వండి. నకలు ఉంచుకోండి. వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి. డబ్బు పడదు. తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. లాయరు లేకున్నా ఫిర్యాదు ఇవ్వవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు ఫీజు లేదు. ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లలోపు ఇవ్వాలి. అయితే వాడగా వాడగా మామూలుగా అరిగిన దానికి డబ్బు రాదు. మోసం, తయారీలో లోపం ఉండాలి.

అక్క మంచానికి బాబాయి వేపకర్రతో కొత్త పట్టెలు చేశాడు. నడుమ ఒక కోడు అదనంగా పెట్టాడు. పెద్ద మంచానికి నడుమ ఆసరా లేకపోతే మంచి కర్రయినా కుంగుతుంది. కోళ్లకు ప్లాస్టిక్ తొడుగులు వేశాడు. మొత్తం 2,200 రూపాయలు అయింది.

అసలు కర్ర మంచంలో స్క్రూ వదులైతే మనమే చేసుకోవచ్చు. సన్నని పుల్లలకు జిగురు అద్ది బెజ్జంలో దూర్చండి. ఒకరోజు ఆరనిచ్చి స్క్రూ బిగించండి.

మొన్న అమ్మ వేరే కొట్టులో బల్ల కొన్నది. బిల్లు రాస్తుంటే పక్కనే నిలబడింది.

"కర్ర పేరు కూడా రాయి బాబూ."

అతను "మద్ది" అని రాశాడు. అమ్మ వేలు పెట్టి చదివింది.

"ఇందాక టేకన్నావు గదా?"

బల్ల ధర 1,200 రూపాయలు తగ్గింది.

చదవండి – రాయండి: ఇంట్లో ఉన్న ఒక బిల్లు రేపు కేంద్రానికి తెచ్చి పైకి చదవండి. కొట్టు పేరు, తేదీ, వస్తువు పేరు, ధర, గ్యారంటీ – వీటిలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో పలక మీద రాయండి.