ఎద్దు తిన్న ఉలవలు – మనం తాగిన చారు
(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

పప్పుధాన్యాల్లోనూ హెచ్చుతగ్గులున్నాయి. కందిపప్పు పెళ్ళి విస్తట్లో కూర్చుంటుంది. మినప్పప్పు గారెలై పండుగ చేసుకుంటుంది. శనగలు పేరంటాలకు వెళ్ళొస్తాయి. ఉలవలు మాత్రం ఎద్దుల కొట్టం దాటి రాలేదు. మా ప్రకాశం జిల్లా మెట్ట పల్లెల్లో ఎవరైనా "మాది ఉలవల తిండి" అన్నారంటే, చెప్పుకోలేక చెప్పుకున్న బీదరికమన్న మాట. ఈ చిన్నచూపు న్యాయమేనా అన్నది శాస్త్రరీత్యా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. రైతు బిడ్డను కనుక కొంత పక్షపాతం ఉంటే పాఠకులు మన్నించాలి. అంకెలకు మాత్రం పక్షపాతం ఉండదు.

ఉలవ ద్విదళ బీజాల తరగతిలో చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క. పాత వృక్షశాస్త్ర గ్రంథాల్లో దీని పేరు డోలికస్ బైఫ్లోరస్. ఇప్పుడు మాక్రోటైలోమా యూనిఫ్లోరమ్ అంటున్నారు. పేరు పెద్దదైనా మొక్కకు కోరికలు తక్కువ. వర్షాధార భూమిలో, ఎరువు వేయని ఎర్రనేలలో, మరే పైరూ రాదనుకున్న చోట ఉత్తర, హస్త కార్తెల్లో చల్లితే మూడు, మూడున్నర నెలల్లో కోతకొస్తుంది. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి కాబట్టి యూరియా బస్తా కోసం క్యూలో నిలబడనక్కర్లేదు. ఆ నత్రజనే గింజలో మాంసకృత్తులుగా మారుతుంది.

ఇక అంకెలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి పట్టికల ప్రకారం 100 గ్రాముల ఎండు ఉలవల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు, 57 గ్రాముల పిండి పదార్థం, అర గ్రాము కొవ్వు, 287 మిల్లీగ్రాముల కాల్షియం, 6.8 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నాయి. శక్తి 321 కిలో కేలరీలు. అదే పట్టికలో కందిపప్పు చూడండి: మాంసకృత్తులు 22 గ్రాములే, కాల్షియం మాత్రం 73 మిల్లీగ్రాములు, ఇనుము 2.7. అంటే మాంసకృత్తుల్లో పెళ్ళి విస్తరికీ ఎద్దుల కొట్టానికీ తేడా లేదు; కాల్షియంలో కొట్టమే దాదాపు నాలుగు రెట్లు పైన ఉంది!

మాంసకృత్తులు ఎన్ని గ్రాములన్నది ఒక లెక్క, ఎలాంటివన్నది ఇంకో లెక్క. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. ఉలవల్లో అది దండిగా ఉంది. ఉలవల్లో తక్కువైన మెథియోనిన్ బియ్యంలోనూ, జొన్నలోనూ దొరుకుతుంది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. జొన్న సంకటిలోకి ఉలవ కట్టు పోసుకున్న మన పెద్దలు అమైనో ఆమ్లాల పేర్లు వినలేదు గాని, పని మాత్రం అదే చేశారు.

అయితే ఇక్కడొక తిరకాసు ఉంది. మా ఇంట్లో ఎద్దులుండగా కొట్టం పక్కన పెద్ద కాగులో ఉలవలు ఉడికేవి. నాకు లీలగా గుర్తు. ఉడికిన గుగ్గిళ్ళు ఎద్దులకు, వార్చిన నీళ్ళు మనుషులకు. ఆ నీళ్ళే చింతపండు పులుసు, తిరగమోతతో చిక్కబడి ఉలవచారు అవుతాయి. ఈ రోజుల్లో హోటళ్ళలో మీగడ వేసి, డబ్బు తీసుకుని మరీ పోస్తున్నారు. రుచికి వంక పెట్టను. కానీ నీటిలోకి దిగేవి కరిగే లవణాలు, కొన్ని బి విటమిన్లు, రంగునిచ్చే పదార్థాలు, కొద్దిపాటి మాంసకృత్తులు మాత్రమే. మిగిలిన మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం, పీచు యావత్తూ గింజలోనే ఉండిపోతాయి. అంటే ఇన్ని తరాలూ చారు మనం తాగాం, సారం ఎద్దు తిన్నది. అది దున్నింది కనుక అన్యాయమనలేం. ఇప్పుడు ఎద్దు లేదు గదా, ఆ గింజలు మనమే తినొచ్చు గదా అన్నదే నా ప్రశ్న.

తినేముందు కొంచెం రసాయన శాస్త్రం. పచ్చి ఉలవల్లో జీర్ణరసమైన ట్రిప్సిన్‌ను అడ్డగించే పదార్థాలున్నాయి. ఇనుమును, కాల్షియాన్ని పట్టి వదలని ఫైటిక్ ఆమ్లం ఉంది. కడుపుబ్బరానికి కారణమైన రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలున్నాయి. వేడి ఏం చేస్తుందో మన ప్రయోగశాలలోనే చూడవచ్చు. ఉలవల్లో యూరియేజ్ అనే ఎంజైము కూడా ఉంది. పచ్చి ఉలవపిండి నానిన నీళ్ళను యూరియా ద్రావణంలో కలిపి రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేస్తే, పుట్టిన అమ్మోనియా వల్ల కాసేపటికి గులాబీ రంగు వస్తుంది. ఆ పిండినీళ్ళను ముందే బాగా మరిగించి వేస్తే రంగు రాదు, ఎంజైము చచ్చిపోయింది. (1926లో సమ్నర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఉలవకు చుట్టమైన జాక్ చిక్కుడు నుంచి ఈ ఎంజైమునే స్ఫటికంగా తీసి, ఎంజైములు మాంసకృత్తులేనని చూపాడు. 1946లో నోబెల్ బహుమానంలో భాగం అందుకున్నాడు.) ట్రిప్సిన్ నిరోధకాలూ మాంసకృత్తులే కనుక బాగా ఉడికిస్తే చాలావరకు దెబ్బతింటాయి. ఫైటిక్ ఆమ్లం వేడికి అంతగా లొంగదు. దానికి మందు నానబెట్టడం, మొలకెత్తించడం. మొలకలో మేల్కొన్న ఫైటేజ్ దాన్ని విడగొడుతుంది. నానిన నీళ్ళు పారబోస్తే కడుపుబ్బరం చక్కెరలు కొన్ని అందులోనే పోతాయి.

ఇదంతా నేను పరీక్ష కోసం చదవలేదు. నిరుడు వేసవిలో మా చెల్లెలికి ఆయాసం, నీరసం అంటే రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 9 గ్రాములు. ఆడపిల్లలకు 12 ఉండాలి. ఇది మా ఇంటి సంగతే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇనుము మాత్రలిచ్చారు. అవి మింగితే కడుపులో తిప్పుతోందని చెల్లెలు పేచీ. నాయనమ్మ ఆమెను వెనకేసుకొచ్చింది: "ఆ బిళ్ళలెందుకురా అబ్బాయ్, ఉలవలు పెట్టండి, ఎద్దుకొచ్చిన బలం పిల్లకు రాదా?"

నేను కాగితం మీద లెక్క వేశాను. పూటకు 30 గ్రాముల ఎండు ఉలవలు తింటే మాంసకృత్తులు 6.6 గ్రాములు, కాల్షియం 86, ఇనుము 2 మిల్లీగ్రాములు. బాగానే ఉంది. కానీ గింజల్లోని ఇనుములో నూటికి పది పాళ్ళు కూడా రక్తంలోకి చేరడం కష్టం. అంటే 0.2 మిల్లీగ్రాములకు లోపే! స్త్రీకి రోజుకు ఆహారంలో 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించింది. 9 గ్రాముల హిమోగ్లోబిన్‌ను ఉలవలు ఒక్కటే ఎత్తలేవు. నాయనమ్మకు లెక్క చెబితే "నీ చదువు నువ్వే ఉంచుకో" అంది. చివరికి రాజీ కుదిరింది: మాత్ర అన్నం తిన్న తర్వాత రాత్రిపూట, ఉలవ మొలకలు ఉడికించి నిమ్మకాయ పిండి సాయంత్రం పూట, మొలకలు తిన్న వెంటనే టీ బంద్. నిమ్మలోని సి విటమిన్ ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది, టీలోని టానిన్లు అడ్డుపడతాయి. మూడు నెలలకు 11.2 వచ్చింది. ఘనత మాత్రలదే అంటాను నేను. ఇంట్లో ఒప్పుకున్న వాళ్ళు లేరు.

అలాగే ఉలవలతో మూత్రపిండాల్లో రాళ్ళు కరుగుతాయని నమ్మి ఆసుపత్రి మానేసేవాళ్ళున్నారు. ఆహారం ఆహారమే, వైద్యం వైద్యమే. వైద్యంలో ఉలవకు వేరే చోట నిజమైన పని దొరికింది. 1951లో బర్డ్ అనే వైద్యుడు ఉలవ గింజల సారం ఎ గ్రూపు రక్తకణాలను ముద్దకట్టిస్తుందని కనిపెట్టాడు. ఎ గ్రూపులోని ఎ1, ఎ2 రకాలను విడదీయడానికి రక్తనిధుల్లో ఆ పదార్థం వాడుకలోకి వచ్చింది. పైన చెప్పిన ఎద్దుల కాగులోని గింజే!

మా ఊళ్ళో ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు పోయాయి, ఎద్దులతో పాటు ఉలవ చేలూ తగ్గాయి. మా నాన్న మాత్రం రెండెకరాల్లో ఇంకా చల్లుతున్నాడు. లాభానికి కాదు, ఖాళీగా ఉంచలేక. కొనేవాడుంటే మరో రెండెకరాలు చల్లుతానంటాడు.

ఇక మన హాస్టలు మెస్ సంగతి. సాంబారులో పప్పు ఎక్కడుందో వెతకడం మనందరికీ తెలిసిన ప్రయోగమే! తలకు 30 గ్రాముల చొప్పున 200 మందికి 6 కిలోల ఉలవలు చాలు. ముందు రోజు పొద్దున నానబోసి, రాత్రి నీళ్ళు వార్చి గోనెపట్టాలో మూటకడితే మర్నాటి సాయంత్రానికి మొలక తెల్లగా కనబడుతుంది. కుక్కరులో మెత్తగా ఉడికించి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు తిరగమోత పెట్టి, దించాక నిమ్మకాయ పిండాలి. వంటమాస్టారిని అడిగాను. "గోనెపట్టా కట్టే పని మీ పిల్లలు చూసుకుంటే నాకేం అభ్యంతరం లేదు బాబూ" అన్నారు. మొదటి వారానికి నేనూ, మా గది మిత్రులిద్దరూ పేర్లిచ్చాం. రెండో వారానికి మెస్ కమిటీ వారు మరో ముగ్గురిని చూడాలి.