కాన్పు తేదీ దాటితే...

"నెలలు నిండాయి. ఇంకా నొప్పులు రాలేదు. తొలి కాన్పు కదా, అటూ ఇటూ అవుతుందిలే." ఇలా మనం చాలాసార్లు అనుకుంటాం. నాలుగు రోజులు అటూ ఇటూ కావడం మామూలే. కాని ఎన్ని రోజులు ఆగవచ్చు? అది తెలియాలంటే లెక్క రావాలి.

లెక్క ఇలా వేయాలి

చివరిసారి బహిష్టు అయిన మొదటి రోజు గుర్తుంచుకోవాలి. ఆ తేదీకి 9 నెలల 7 రోజులు కలపాలి. అదే కాన్పు తేదీ.

బహిష్టు తేదీ: జనవరి 1
కాన్పు తేదీ (40 వారాలు): అక్టోబరు 8
41 వారాలు: అక్టోబరు 15
42 వారాలు: అక్టోబరు 22

కాన్పు తేదీని మీ తల్లీబిడ్డల కార్డులో రాస్తారు. కార్డు తీసి మీరే చదవండి.

బిడ్డకు ఏమవుతుంది?

కడుపులో బిడ్డకు తిండి, గాలి మాయ నుంచి అందుతాయి. తేదీ బాగా దాటితే మాయ సరిగా పనిచేయకపోవచ్చు. ఉమ్మనీరు తగ్గవచ్చు. బొడ్డుతాడు నలగవచ్చు. బిడ్డ లోపలే దొడ్డికి పోవచ్చు. ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోతే పుట్టగానే ఊపిరాడదు. ఒక్కోసారి బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు. అందరికీ ఇలా జరగదు. కాని 41 వారాలు దాటితే ప్రమాదం పెరుగుతూ పోతుంది.

తల్లికి ఏమవుతుంది?

బిడ్డ మరీ పెద్దదైతే కాన్పు కష్టమవుతుంది. బిడ్డ భుజాలు ఇరుక్కోవచ్చు. తల్లికి చిరుగులు పడవచ్చు. నెత్తురు ఎక్కువ పోవచ్చు.

అత్త, నర్సమ్మ మాటలు

అత్త: నొప్పులు రాకుండా ఆసుపత్రికి పోతే కోత పెడతారమ్మా. పున్నమి దాకా చూద్దాం.

నర్సమ్మ: అట్లా కాదు పెద్దమ్మా. ముందు బిడ్డ గుండె చప్పుడు వింటారు. ఉమ్మనీరు చూస్తారు. అవసరమైతే మందిచ్చి నొప్పులు తెప్పిస్తారు. అందరికీ కోత పడదు.

అత్త: అయితే ఇంటి దగ్గరే నొప్పుల సూది వేయిద్దామా?

నర్సమ్మ: వద్దే వద్దు! ఇంటి దగ్గర ఆ సూది వేస్తే గర్భసంచి చిరగవచ్చు. ఇద్దరి ప్రాణాలకూ ముప్పు.

మనం ఏం చేయాలి?

• కాన్పు తేదీకి నొప్పులు రాకపోతే ఆసుపత్రిలో చూపించుకోవాలి.
• 41 వారాలు నిండేలోగా కాన్పు ఎప్పుడో డాక్టరుతో మాట్లాడాలి. 42 వారాల దాకా ఇంట్లో ఉండకూడదు.
• బి.పి., షుగరు ఉన్నవాళ్లు డాక్టరు ఇంకా ముందే రమ్మంటే ముందే వెళ్లాలి.
• బిడ్డ కదలిక తగ్గినా, ఉమ్మనీరు పోయినా, నెత్తురు కనబడినా రేపటిదాకా ఆగవద్దు. రాత్రయినా వెళ్లాలి. 108కి ఫోన్ చేయాలి.

సర్కారు ఆసుపత్రిలో కాన్పుకు డబ్బు కట్టనక్కరలేదు. ఆపరేషన్ అయినా ఉచితమే. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ఈ హక్కు ఇచ్చింది.

చెప్పండి, రాయండి

1. ఒకామెకు చివరి బహిష్టు మార్చి 10న వచ్చింది. కాన్పు తేదీ ఎప్పుడు?
2. బిడ్డ కదలిక తగ్గితే ఏం చేయాలి?
3. మీ వీధిలో నెలలు నిండిన వారున్నారా? వారి కార్డులో తేదీ చదివి వారికి చెప్పండి.